శిథిలనగరమున పుట్టిన వచనము

గుజరాతీ భాషలో తొలి నవల 1866లో వెలువడినది. ఆ భాషలో తొలి ఆత్మకథగా పరిగణింపబడుచున్న గ్రంథము అదే యేట వ్రాయబడినది. ఆ నవలపై 1867లో 'గుజరాత్ మిత్ర' పత్రికలో వచ్చిన సమీక్షతో గుజరాతీ సాహిత్యవిమర్శ ఆరంభమైనదని ఆ భాషా పండితులు చెప్పుదురు. నవలాకర్త నందశంకర్ మెహతా, ఆత్మకథాకర్త నర్మదాశంకర్ దవే, సమీక్షకుడు నవలరామ్ పండ్యా. మువ్వురి పేర్లును నకారముతో మొదలగుటచే గుజరాతీలు వారిని 'మూడు నకారములు' అని ముచ్చటగా పేర్కొందురు. 1833కును 1836కును నడుమ పుట్టిన ఈ మువ్వురిదియు ఒకే ఊరు, సూరతు. వారు కన్ను తెరచునప్పటికి ఆ ఊరి వైభవము అంతరించి రమారమి నూరేండ్లయినది.

ఈ సంగతిని సాహిత్యచరిత్రకారులు సాధారణముగా తేలికగా దాటిపోవుదురు. ఆంగ్లవిద్య, అచ్చుయంత్రము, సంఘసంస్కరణము అను మూడు మాటలతో పందొమ్మిదవ శతాబ్దపు వచనవికాసమంతయు వివరింపబడినట్లు భావించుట ఒక అలవాటైనది. తెలుగు సాహిత్యచరిత్రలును ఇందుకు భిన్నముగా లేవు. కాని ఆ మూడును సూరతులోకంటె బొంబాయిలో హెచ్చుగా నుండెను. ఐశ్వర్యము, కళాశాల, పత్రికలు, పోషకులు అన్నియు బొంబాయిలో నుండగా గుజరాతీ వచనమునకు ప్రాణము పోసిన మువ్వురును సూరతు గల్లీలలోనుండి రావలసిన కారణమేమి? నర్మద్ బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున చదివినవాడే; అచ్చటి సభలలో ఉపన్యసించినవాడే. అయినను అతని రచనలో మాటిమాటికి మేల్కొనునది సూరతు. పెరుగుచున్న నగరమునకు తన్నుగూర్చి చెప్పుకొను తీరిక యుండదు. కూలిన నగరము లెక్క చెప్పుకొనవలసి యుండును. సూరతు వచనము ఆ లెక్కనుండి పుట్టినది.

ఆ లెక్కలోని జమను ముందుగా చూడవలెను. 1573లో అక్బరు సూరతును గెలిచినది మొదలు అది మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వారమైనది. హజ్ యాత్రికులు అచ్చటనే ఓడ లెక్కెడివారు గనుక దానికి 'మక్కాద్వారము' అని పేరు వచ్చెను. పెద్ద ఓడలు తాపీనదిలోనికి రాలేక సువాలీ రేవున లంగరు వేసెడివి. 1608లో హాకిన్సు 'హెక్టర్' అను నౌకపై వచ్చి దిగినది సూరతులోనే. 1613లో ఆంగ్లేయుల వర్తకశాలకు పాదుషాహీ ఫర్మానా లభించెను. తెలుగుదేశమున మచిలీబందరులో వారి వర్తకశాల అంతకు రెండేండ్లు ముందే, 1611లో, వెలసినది.

సూరతును రేవుపట్టణమని మాత్రమే తలచుట చాలదు. అది పనివాండ్ర ఊరు. నూలుబట్ట, పట్టుబట్ట, అద్దకము, ఓడల నిర్మాణము, అన్నిటికిని మించి జరీ. వెండికడ్డీకి బంగారుపూత పెట్టి, ఒకదానికంటె ఒకటి సన్నమైన రంధ్రములగుండ లాగి లాగి వెండ్రుకవంటి తీగె చేసి, ఆ తీగెను నలుగగొట్టి పట్టుదారమునకు చుట్టుట ఆ ఊరి విద్య. ధర్మవరపు చీరకొంగున మెరయునది సూరతు జరీ యని తెలుగు ఇల్లాండ్రు ఏ చరిత్రపుస్తకమును చదువకయే ఎరుగుదురు. వర్తకులలో విర్జీ వోరా పదునేడవ శతాబ్దమున ఆంగ్లకంపెనీకే అప్పు లిచ్చినవాడు. 1718లో మరణించిన ముల్లా అబ్దుల్ గఫూర్ సొంత ఓడలతో అరబ్బు రేవుల వర్తకమును నడపినవాడు. 'సూరతులో భోజనము, కాశిలో మరణము' అని గుజరాతీలలో నొక సామెత కలదు. తిండికి పేరుపడిన ఊరు సాధారణముగా ధనముకూడ చూచిన ఊరై యుండును.

ఇక ఖర్చు. శివాజీ 1664లో ఒకమారు, 1670లో మరియొకమారు సూరతును కొల్లగొట్టెను. జనుల నోట సూరతు పతనకథ అచ్చటనే ఆరంభమై అచ్చటనే ముగియును. కథకు అది అనుకూలము, నిజమునకు చాలదు. 1687లో కంపెనీవారు తమ ప్రధానస్థానమును బొంబాయికి మార్చుకొనిరి. అంతమాత్రమున కూడ సూరతు కూలలేదు. 1979లో వెలువడిన అశీన్ దాస్‌గుప్త గ్రంథము ఈ విషయమున మేలిమలుపు. డచ్చివారి కాగితములను ఆధారముగా గొని ఆయన చెప్పినది ఇది: సూరతు వర్తకమునకు నీడ నిచ్చినవి మొగలు, సఫవీ, ఉస్మానీ సామ్రాజ్యములు మూడు. ఆ మూటి శక్తియు పదునెనిమిదవ శతాబ్దారంభమున ఇంచుమించు ఒకేసారి సడలెను. వెనుక దారులు దోపిడికాండ్ర పాలయ్యెను. ముందరి రేవులలో కొనువారు తగ్గిరి. పదునేడవ శతాబ్దాంతమున ఏటికి ఒక కోటి అరువది లక్షల రూపాయల విలువగల సూరతు వర్తకము 1740 తరువాతి కాలమునకు ముప్పది లక్షలకు దిగజారినది. 1736లో లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా అను పారసీ ఓడనిర్మాత కంపెనీవారి పిలుపుపై తన పనివాండ్రతో బొంబాయికి తరలిపోయెను. ఒక్క మనిషి ప్రయాణముగా కనబడు ఈ సంఘటనలో ఒక పరిశ్రమయే ఊరు విడిచినది. 1759లో ఆంగ్లేయులు కోటను పట్టిరి. 1800లో నవాబు నామమాత్రుడై పరిపాలన సమస్తము వారి వశమయ్యెను. 1837లో అగ్నిప్రమాదము తొమ్మిదివేలకు పైగా ఇండ్లను కాల్చివేయగా, అదే యేట తాపీ వరద వచ్చి మిగిలినదానిని ముంచెను. అప్పటికి నర్మద్ నాలుగేండ్లవాడు. నవలరామ్ ఒడిలో బిడ్డ. 1847 నాటికి ఊరి జనసంఖ్య ఎనుబదివేలకు పడిపోయినది.

ఇట్టి ఊరిలో పెరిగిన నందశంకర్ తన నవలకు వస్తువుగా సూరతును గైకొనలేదు. ఆయన ఆ ఊరి ఆంగ్లపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన తొలి భారతీయుడు. విద్యాశాఖాధికారి రస్సెల్ దొర ఇంగ్లీషు నవలల ఫక్కిని గుజరాతీలో ఒక గ్రంథము వ్రాయుమని ప్రోత్సహింపగా 'కరణ్ ఘేలో' వ్రాసెను. గుజరాతు కడపటి రాజపుత్ర ప్రభువైన కర్ణవాఘేలా కథ అది. 'ఘేలో' అనగా వెర్రివాడు. రాజు తన మంత్రి మాధవుని భార్యయగు రూపసుందరిని చెరపట్టును. అడ్డుపడిన మంత్రి తమ్ముడు కేశవుడు హతుడగును. పగబూనిన మాధవుడు ఢిల్లీకి పోయి అల్లావుద్దీను సైన్యమును గుజరాతుపైకి పిలిచికొని వచ్చును. రాజధానియగు పాటణము కూలును, రాణి ఢిల్లీ అంతఃపురమునకు పోవును, కడకు కుమార్తె దేవలదేవియు పట్టుబడును. 2015లో తులసీ వత్సల్, ఆబాన్ ముఖర్జీల ఆంగ్లానువాదము వెలువడినది గనుక గుజరాతీ రాని తెలుగు రచయితకును ఇప్పుడీ నవల అందుబాటులోనిదే.

పాటణము కథ చెప్పుచున్నను వ్రాయువాని కిటికీకి ఎదుట కనబడునది సూరతు శిథిలములే. నగరము ఎట్లు కూలును అను ప్రశ్న ఆయనకు గ్రంథములనుండి రాలేదు. కాని ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానము పురాణములనాటిది: ప్రభువు పాపము చేసెను, ప్రజ అనుభవించినది. ఒక కామము, ఒక పగ, ఒక ద్రోహము, రాజ్యము పోయినది. వర్ణనలో వాల్టర్ స్కాటుకు శిష్యుడైనను, కారణవిచారమున నందశంకర్ కథకభట్టులకు వారసుడు. నవలలో పాటణపు కోమట్లును, నేతగాండ్రును ఊరేగింపులలో కనబడుదురేగాని పతనమునకు కర్తలుగా గాని, కర్మలుగా గాని కథలోనికి రారు.

వేదము వేంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయ' నాటకమును (1897) దీని ప్రక్కన నిలిపి చూచుట తెలుగువారికి ప్రయోజనకరము. రెండింటను దక్షిణాపథముపైకి విస్తరించుచున్న ఢిల్లీ కలదు, ఒక రాజు కలడు, ఒక మంత్రి కలడు. గుజరాతీ మంత్రి ఢిల్లీని తన రాజుపైకి తెచ్చును. తెలుగు మంత్రి యుగంధరుడు వెర్రివాని వేషమున ఢిల్లీకి పోయి తన రాజును విడిపించుకొని వచ్చును. ఒకచోట రాజు వెర్రివాడు, మరియొకచోట మంత్రి వెర్రి నటించినవాడు. ఓరుగల్లు 1323లో పతనమైనది చరిత్ర. నాటకము ఆ పతనమును కాదనును. రంగస్థలమున అది చప్పట్లు కొట్టించిన మాట వాస్తవమే. నందశంకర్ మాత్రము పతనమును కాదనలేదు, చివరిదాక చూచెను. పురాణకారణము చెప్పినను కన్ను మరల్పకపోవుట సూరతు ఆయనకు నేర్పిన పాఠము. ఈ ఒక్క విషయమున గుజరాతీ నవల తెలుగు నాటకముకంటె పై మెట్టున నున్నది.

నవలరామ్ ఈ నవలపై వ్రాసిన సమీక్ష మిత్రుని గ్రంథముపై మిత్రుడు వ్రాసినదే. అయినను అది పొగడ్తపత్రము కాలేదు. ఒక గ్రంథమును మెచ్చుకొనుటకు కారణములు చెప్పవలెనను నియమము గుజరాతీలో దానితో ఏర్పడినది. ఆయన అనువాదకుడుకూడ. అదే 1867లో ఆయన వ్రాసిన 'భట్‌నుం భోపాళుం' అను ప్రహసనము మోలియేరుకు అనుసరణము. ఫ్రెంచినుండి కాదు, ఫీల్డింగు ఆంగ్లరూపమునుండి. అనువాదమునకు అనువాదమైనను అందు సూరతు వీథుల వాసన చెడలేదు. మూలమునకు దూరమైనకొలది భాషకు దగ్గర కావలెనని తెలిసినవా డాయన. మేఘసందేశమును గుజరాతీ చేసిన చేయియు అదే.

మువ్వురిలో పెద్దవాడు నర్మద్. వయస్సున మాత్రమే కాదు. 1858 నవంబరులో ఉపాధ్యాయవృత్తికి రాజీనామా ఇచ్చి ఇకపై కలము నొడిలోనే తల పెట్టుకొని బ్రతుకుదునని నిశ్చయించుకొన్నవాడు. 1864లో 'దాండియో' పత్రికను నెలకొల్పెను. ఒంటరిగా ఒక నిఘంటువునకు పూనుకొని, పాతికవేలకు మించిన పదములతో 1873లో 'నర్మకోశము'ను సమగ్రముగా ముద్రించెను. అచ్చుకైన అప్పు ఆయనను విడువలేదు. ఇరువదినాలుగేండ్లు పట్టుదలతో నిలిచి, 1882లో బొంబాయిలో ఒక ధర్మసంస్థ కొలువున చేరి, 1886లో మరణించెను. గుజరాతీ సాహిత్యచరిత్రలలో ఈ ఘట్టము కన్నీటితో వ్రాయబడును. అందుకంటె ముఖ్యముగా చూడదగినవి ఆయన గ్రంథముల పేర్లు రెండు.

తన జీవితమును వ్రాసి దానికి 'మారీ హకీకత్' అని పేరు పెట్టెను. అది వ్రాసిన కాలముననే, 1860 తరువాతి దశకమున, తన ఊరి చరిత్రను వ్రాసి 'సూరత్‌నీ ముఖ్తేసర్ హకీకత్' అనెను. రెండును హకీకతులే. ఈ మాట తెలుగువారికి క్రొత్త కాదు. ముక్తసరు, హకీకతు రెండును పారసీకమునుండి కచేరీల ద్వారమున తెలుగులోనికి వచ్చినవే. పాత దండకవిలెలలో, అర్జీలలో కనబడును. నర్మద్ చరిత్రమనలేదు, మాహాత్మ్యమనలేదు, వృత్తాంతమని సంస్కృతీకరింపలేదు. కచేరీలో దాఖలుచేయు నివేదికకు పెట్టు పేరు తన బ్రతుకునకు పెట్టెను, తన ఊరికి పెట్టెను. నా సంగతి ఇది, నా ఊరి సంగతి ఇది, దాచినది లేదు అని చెప్పు కంఠము ఆ మాటలో వినబడును. పాపము, శాపము, కలిప్రభావము అను అలవాటైన సమాధానములను ప్రక్కకు నెట్టి, ఏ యేట ఏమి జరిగెనో వరుసగా చెప్పుటకు తగిన వచనము ఆ పేరుతోనే సిద్ధమైనది. వర్తకుల ఊరిలో పుట్టిన బ్రాహ్మణుడు చిట్టావ్రాతనుండి వచనము నేర్చినాడనిన అతిశయోక్తి కాదు. కవిగా ఆయన సూరతుపై విలపించిన గీతము గుజరాతీల నాలుకలపై నేటికిని కలదు. అయినను గీతముకంటె హకీకతు గొప్పది. విలాపము ఎవరైన చేయగలరు.

అయితే ఈ లెక్క ఎవరి లెక్క? మువ్వురును నాగరబ్రాహ్మణులు, కొలువులు, కలము, దివానుగిరి వారి కులవృత్తి. నవాబు పోవుటతో, ఓడలు పోవుటతో వారి ప్రపంచము నిజముగా కూలినది. వర్తకుని ప్రపంచముకూడ చాలవరకు కూలినది. పనివాని ప్రపంచము కూలెనా? ఇచ్చట చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. పతనవాదము అతిగా చెప్పబడినదని ఇటలీ చరిత్రకారుడు మికెల్‌గుల్యెల్మో టోర్రి వాదించెను. ఆంగ్లాధిపత్యపు తొలిదశలో సైతము సూరతు వర్తకులు తమ తెలివితేటలతో నిలదొక్కుకొనిరని ఆయన పక్షము. డగ్లస్ హేన్స్ పరిశోధనలు మరియొక దారిని చూపినవి. బొంబాయికి మిల్లులు వచ్చినను, మాంచెస్టరు బట్ట దిగుమతియైనను, సూరతు గల్లీలలో జరీ లాగు చేతులును, నేసెడి చేతులును ఆగలేదు. ఓడ పోయినది, రేవు పూడినది, మగ్గము మిగిలినది. ఇరువదవ శతాబ్దమున విద్యుచ్ఛక్తి రాగానే ఆ మిగిలిన మగ్గములే మరమగ్గములైనవి. కృత్రిమనారల బట్టకు నేడు దేశమున సూరతు ప్రధానస్థానము. 2011 జనగణనలో నగరజనసంఖ్య 44 లక్షలు దాటినది. పతనమును వ్రాసిన మూడు కలములును పునరుత్థానమునకు విత్తనముగా నున్న వాడను చూడక దాటిపోయినవి. గొప్ప రచయితలకును తమ వీథి చివర కనబడకపోవుట కలదు.

ఆ వాడలలో నేడు తెలుగు మాట వినబడును. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములలో చేనేత చితికిపోగా షోలాపురము, భివండి, బొంబాయిల దారి పట్టిన పద్మశాలీలు సూరతును చేరిరి. లింబాయత్ వంటి పేటలలో వారి కాపురము. మగ్గమున కూర్చుండి కాలితో తొక్కి నేసినవాడు మరమగ్గముల మ్రోతనడుమ పండ్రెండు గంటల వంతు నిలుచుండి పని చేయును. అతని ప్రక్కన గంజామునుండి వచ్చిన ఒరియా కూలి. 1994 సెప్టెంబరులో మహమ్మారి వార్త పుట్టినప్పుడు లక్షలకొలది జనము రైళ్లకు వ్రేలాడి పారిపోయినది ఈ ఊరినుండియే. మరల వచ్చినదియు ఈ ఊరికే. సిరిసిల్లలో మరమగ్గమును 'సాంచా' అందురు. గుజరాతీలో యంత్రమునకు 'సాంచో' అని పేరు. ఈ చుట్టరికము ఏ తెలుగు నిఘంటుకర్త కూర్చినది కాదు. రైలుపెట్టెలో పోయివచ్చిన పనివాడు కూర్చినది. నర్మద్ బ్రతికియున్నచో ఈ మాటను వెంటనే కోశమున కెక్కించి యుండెడివాడు.

చేనేతవాని ఆకలిని గూర్చి తెలుగులో కథలకు, గేయములకు కొదువ లేదు. కాని అవి ఎక్కువగా ఊరిలో మగ్గము మూలబడుటతో ముగియును. రైలెక్కినవాని వెంట పోయిన రచన అరుదు. మగ్గము ఆగిన తరువాత మనిషి ఆగడు. ఆగినట్లు వ్రాయుట కరుణరసమునకు అనుకూలము గనుక రచయిత అచ్చటనే కలము దించును. ఇది నందశంకర్ పాటణముతో చేసినదానికి భిన్నమైన పని కాదు.

మచిలీబందరు మాటయు ఇట్టిదే. సూరతు బొంబాయికి లోబడిన 1687కు ముందే, 1641లో, బందరు తన కంపెనీ పెత్తనమును చెన్నపట్టణపు కోటకు అప్పగించినది. సూరతుకు 1837 అగ్ని ఎట్టిదో బందరునకు 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెన అట్టిది. ముప్పదివేలమంది పోయిరని అంచనా. పారసీక దేశపు ప్రభువులు కట్టిన కలంకారీ అద్దిన ఊరు అప్పటికే నిస్సారమైనది. మరల అచ్చటనే 1902లో 'కృష్ణాపత్రిక' పుట్టినది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య అను మువ్వురు అచ్చట జాతీయకళాశాలను లేవనెత్తిరి. శిథిలనగరమునుండి వచనము పుట్టుట సూరతునకే చెల్లినది కాదు. కాని ముట్నూరివారి సంపాదకీయమున దేశము కలదు, ధర్మము కలదు, ఉపనిషత్తు కలదు, బందరు తక్కువ. ఆ వచనపు ఎత్తు కాదనరానిది. అట్లని ఆ ఎత్తునుండి రేవు పూడినదియు, రంగుతొట్లు ఎండినదియు కనబడలేదు. బందరును గూర్చిన వ్యాసములును జ్ఞాపకములును అచ్చటచ్చట లేకపోలేదు. సూరతునకు నర్మద్ వ్రాసినట్టిది, ఊరినే నాయికగా గొని ఏటేటి లెక్కతో చెప్పిన హకీకతు, తెలుగు వచనమున ఒక ముఖ్యగ్రంథముగా నిలువలేదు.

పెడనలో అచ్చుచెక్కలు చెక్కువారు నేటికిని కలరు. టేకుచెక్కపై లత చెక్కుటకు వారికి తమవైన మాటలు కలవు; కరక్కాయ నీట ముంచుటకు, ఎరుపునకు, నలుపునకు, ఉడుకబెట్టుటకు, ఏటినీట జాడించుటకు వేరువేరు మాటలు కలవు. నర్మకోశమువంటి పనికి ఇవి ముడిసరకు. సూరతులో నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒరియాలతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలను నడుపుచు వచ్చినది. ఆ బడిలో అక్షరములు దిద్దిన నేతపనివాని బిడ్డ ఇంట తెలుగు, వీథిలో హిందీ, బజారున గుజరాతీ మాటలాడును. 'హకీకత్' అను మాట మూటను అర్థమగును.